మెటల్‌ఫ్లేక్ పుట్టిన వీధుల్లో: లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల తిరిగొచ్చిన కబుర్లు

తిరిగొచ్చాక నిద్ర వేళలు ఇంకా సర్దుకోలేదు, కానీ వివరాలు మసకబారకముందే రాసేయాలని కూర్చున్నా. విజయవాడ ఆటోనగర్‌లో మాది కార్ల పెయింటింగ్ షెడ్డు. డెంటింగ్, లప్పం, ప్రైమర్, వాటర్ పేపర్, కలర్, క్లియర్, పాలిష్, రోజూ ఇదే పని. అమెరికా వెళ్లేవాళ్లు డిస్నీల్యాండ్ చూస్తారు, గ్రాండ్ కెన్యన్ చూస్తారు. నాకు మాత్రం చాలా ఏళ్లుగా ఉన్న కోరిక వేరు. హాట్ రాడ్ల మీద ఎండ పడితే లక్ష చుక్కలుగా మెరిసే మెటల్‌ఫ్లేక్, అంటే సన్నటి రేకు పలుకులు కలిపిన ఆ పెయింట్ ఎక్కడ మొదలైందో, ఎవరు మొదలుపెట్టారో ఆ వీధుల్లోకి వెళ్లి చూడాలని.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. హాట్ రాడ్ అంటే 1920, 30ల నాటి ఫోర్డ్ లాంటి పాత బండి కొని, బరువు తగ్గించి, పెద్ద ఇంజిన్ ఎక్కించి, వేగం కోసం మార్చుకున్నది. లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన ఎండిపోయిన చెరువు నేలలున్నాయి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ అని. కుర్రాళ్లు అక్కడ పందేలు పెట్టుకునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చేతిలో డబ్బు, పని నేర్చిన చేతులు, వర్షం తక్కువగా ఉండే వాతావరణం అన్నీ కలిసొచ్చి, వేగం పక్కన అందం కూడా పోటీకొచ్చింది.

బుధవారం: ఆర్టీసియా, బెల్‌ఫ్లవర్

మా చిన్నాన్న కొడుకు సెరిటోస్‌లో ఉంటాడు. పక్కనే ఆర్టీసియా, పయనీర్ బులవార్డ్ అంతా మనవాళ్ల షాపులే. చీరల కొట్లు, నగల కొట్లు, మిఠాయిలు, పాన్. దిగిన మర్నాడు పొద్దున అక్కడే దోసె తిన్నాం, 12 డాలర్లు. వెయ్యి రూపాయల దోసె అని లెక్కేసుకుంటే గొంతు దిగదు, అందుకని లెక్కేయడం మానేశా. చట్నీ మాత్రం బావుంది, కొబ్బరి దండిగా వేశారు.

ఆర్టీసియాకి పక్క ఊరు బెల్‌ఫ్లవర్. మనవాళ్లు వేలమంది ప్రతి వారం కూరగాయలకీ చీరలకీ వచ్చే ఈ చోటికి కాసింత దూరంలో లారీ వాట్సన్ రంగులు కొట్టాడు. పాతికేళ్లు కూడా నిండకముందే ఈ వైపు పేరుమోసిన పెయింటర్ అతను. 1950 షెవర్లే ఒకటి ద్రాక్షరంగులో చేసుకుని దానికి గ్రేప్‌వైన్ అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత 1958 థండర్‌బర్డ్ తీసుకుని, బాడీ గీతలు ఎటు పోతే అటే రంగు అంచులు దిద్ది ప్యానెల్ పెయింటింగ్ అనే పద్ధతికే ఊపు తెచ్చాడు. క్యాండీ (గాజులాంటి పారదర్శకమైన రంగు), పెర్ల్ (ముత్యపు ఛాయ), ఫ్లేక్, లేసు గుడ్డ పరిచి దాని మీదుగా స్ప్రే కొట్టడం, ఇలా ఈ రంగంలో అతను చెయ్యి పెట్టనిది వెతకాలి. 2010లో పోయాడు. సెరిటోస్‌లో పదేళ్లుగా ఉంటున్న మా తమ్ముడికి ఈ పేరు తెలియదు. వాడి తప్పు కాదు, ఎక్కడా ఒక బోర్డు కూడా నా కంటికి కనపడలేదు. టైర్ల షాపు, లాండ్రీ, డోనట్ల కొట్టు, అంతే. నాకు బాధేసింది. సినిమా తారలకి ఫుట్‌పాత్ మీద నక్షత్రాలు పరిచే ఊరిది.

సాయంత్రం ఒక ఆటో పెయింట్ల కొట్టుకి వెళ్లాం. కౌంటర్ దగ్గరున్న పెద్దాయన, నేను ఇండియాలో పెయింటర్‌నని చెప్పగానే నా చేతులు చూశాడు. గోళ్ల పక్కన మరకలు చూసి నవ్వి, లోపల్నుంచి ఫ్లేక్ డబ్బాలు వరసగా తెచ్చి పెట్టాడు. వాళ్లకి కొలత అంగుళంలో వెయ్యో వంతు. 4, 8, 15, 25. నాలుగంటే మిల్లీమీటర్‌లో పదో వంతు, పాతికంటే మిల్లీమీటర్‌లో సగానికి పైన. నాలుగో నంబరు చూస్తే మామూలు మెటాలిక్‌కి అన్నలా ఉంటుంది, పాతిక మాత్రం ఒక్కో పలుకూ విడిగా కనపడుతుంది. చిన్న డబ్బా 30 డాలర్ల దాకా ఉంది. "దీన్ని కొట్టడం చూడాలంటే రేపు సౌత్ గేట్ వెళ్లు, నేను ఫోన్ చేసి చెబుతా" అని ఒక షెడ్డు అడ్రస్ కాగితం మీద రాసిచ్చాడు. ముక్కూ మొహం తెలియని మనిషికి అలా ఫోన్ చేసి చెప్పడం నాకు ఆటోనగర్‌నే గుర్తుచేసింది.

గురువారం: లిన్‌వుడ్, మేవుడ్, సౌత్ గేట్

పొద్దున్నే లిన్‌వుడ్‌లో అట్లాంటిక్ వీధి. జార్జ్ బారిస్, అతని అన్న శామ్ 1950ల్లో ఇక్కడే కార్ల రూపం, రంగు మార్చే షాపు నడిపారు. ఫోన్ చెప్పిన దారిలో పోతే ఒక ఎగ్జిట్ ముందే దింపేసింది, మళ్లీ ఎక్కడానికి దారి దొరక్క 710, 105 ఫ్రీవేలు కలిసే చోట అరగంట పోయింది. పోతే పోయింది గానీ ఆ తిరుగుడులో ఈ ప్రాంతం స్వభావం అర్థమైంది. అన్నీ చిన్న చిన్న ఇళ్లు, ప్రతి ఇంటికీ పక్కన గ్యారేజీ, ఫ్యాక్టరీలు, వెల్డింగ్ షాపులు, క్రోమ్ ప్లేటింగ్ షాపులు. పెయింట్‌కి కావలసిన సరుకంతా నాలుగు వీధుల్లో దొరికే చోటు.

1957 డిసెంబరులో బారిస్ షాపు తగలబడింది. నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పాతకాలపు పెయింట్, థిన్నర్ నిలవుండే చోట నిప్పు పడితే ఎలా ఉంటుందో మా పని చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ లాకర్ లేకపోతే ఇదంతా లేదు. అంతకుముందు వార్నిష్ పూతలు ఆరడానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీ 1920ల్లో డ్యూకో తెచ్చాక, నిమిషాల్లో ఆరే పూత చేతికొచ్చింది. పూట తిరిగేలోపు పది పూతలు కొట్టి, నచ్చకపోతే గీకేసి మళ్లీ కొట్టొచ్చు. ప్రయోగాలు చేసే కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి?

మెరుపు కోసం వాళ్లు మొదట ఆశ్రయించింది చేప పొలుసుల్ని. హెర్రింగ్ లాంటి చేపల పొలుసుల్లో గ్వానైన్ అనే పలచని స్ఫటికాలుంటాయి, వాటిని విడదీసి నకిలీ ముత్యాలకి పూతగా వాడడం ఐరోపాలో ఎప్పట్నుంచో ఉంది. అదే లాకర్‌లో కలిపితే తెల్ల రంగులో ముత్యపు ఛాయ వస్తుంది. బారిస్ వాళ్లు 1954లో చేసిన గోల్డెన్ సహారా అనే కారుకి కొట్టింది ఆ పూతే. ఇప్పుడు పెర్ల్ అంటే అభ్రకం పలుకుల మీద టైటానియం డయాక్సైడ్ పూసినది, మన గూడూరు వైపు నేల మీద తళుక్కుమనే అభ్రకమే. చేపల వాసన పోయింది, మెరుపు మిగిలింది.

అక్కణ్నుంచి మేవుడ్, స్లాసన్ అవెన్యూ. 4616 నంబరు దగ్గర ఎడ్ రాత్ షాపు ఉండేది. ఫైబర్‌గ్లాస్‌ని నమ్మి, పాత ఫోర్డ్ మూసలోంచి బయటపడి, 1959లో అవుట్‌లా, 1961లో బీట్నిక్ బ్యాండిట్ లాంటి బొమ్మ కార్ల లాంటి నిజం కార్లు చేసిన మనిషి. ఇప్పుడా రోడ్డంతా ట్రక్కులు. ఎదురుగా టాకో బండి ఉంటే ఆగాం. ఒక్కోటి రెండున్నర డాలర్లు. నిలబడే తినాలి, ముల్లంగి ముక్కలు, నిమ్మకాయ, కాల్చిన ఉల్లి, ఎర్ర సాల్సా, పచ్చ సాల్సా ఎవరికి కావలసినంత వాళ్లు వేసుకోవాలి, తిన్నాక ఎన్ని తిన్నామో మనమే చెప్పి డబ్బివ్వాలి. ఎవరూ లెక్కపెట్టట్లేదు. పచ్చ సాల్సా మన పచ్చిమిర్చి పచ్చడికి ఏమాత్రం తగ్గలేదు, నేను రెండోసారి వేసుకుంటుంటే బండి ఆవిడ మెచ్చుకోలుగా తలూపింది.

ఇక సౌత్ గేట్ షెడ్డు. ఈ ప్రయాణంలో నేను ఎక్కువ గుర్తుపెట్టుకునేది ఇదే, అందుకే వివరంగా రాస్తున్నా.

పెయింటర్‌కి డెబ్భై దాటాయి, తాతలు మెక్సికో నుంచి వచ్చారట. మాస్క్ మెడలో వేలాడుతోంది. ఆర్టీసియాలో కొన్న మైసూర్‌పాక్ పెట్టె ఇస్తే వెంటనే విప్పి ముక్క నోట్లో వేసుకుని, షెడ్డులో అందరికీ పంచాడు. ఆ రోజు ఒక 1963 షెవర్లే ఇంపాలా కారు పైకప్పు మీద వెండి ఫ్లేక్ కొడుతున్నారు. నాకూ ఒక సూట్, మాస్క్ ఇచ్చి బూత్‌లోకి రానిచ్చాడు. మా తమ్ముడు అద్దం బయట నిలబడి చూశాడు.

ముందు వెండి బేస్. ఫ్లేక్ పలుకుల మధ్య ఎక్కడైనా సందు మిగిలితే కింద అదే రంగు కనపడాలి కాబట్టి. తర్వాత పారదర్శకమైన క్లియర్‌లో ఫ్లేక్ కలిపి, పెద్ద రంధ్రం ఉన్న స్ప్రే గన్నులో పోశాడు. మామూలు నాజిల్ అయితే మూసుకుపోతుంది, ఫిల్టర్ తీసేయాలి. గన్ను కప్పులో స్టీలు బేరింగ్ గుండ్లు రెండు వేశాడు. ఫ్లేక్ బరువు, నిమిషం ఊరుకుంటే అడుగున కూర్చుంటుంది, అందుకని ఒక్కో పాస్‌కీ గన్ను ఊపుతూ ఉండాలి. ఆ గుండ్లు గలగలమంటుంటే, ఆయన చెయ్యి ఆ చప్పుడుకి తగ్గట్టే కదులుతుంటే, వయసు డెబ్భై అని ఎవరూ అనరు. ఒక కోటు అడ్డంగా, మరోటి నిలువుగా. ఒకేసారి నిండుగా కొట్టేయాలని చూస్తే పలుకులు కుప్పపడతాయి, గీతలొస్తాయి.

కొట్టడం అయ్యాక చేత్తో తాకమన్నాడు. అరవై నంబరు ఎమెరీ కాగితంలా గరగరమంటోంది. అసలు పని ఇక్కణ్నుంచి మొదలట. దాని మీద క్లియర్ నాలుగైదు కోట్లు, ఆరబెట్టి వాటర్ పేపర్, మళ్లీ క్లియర్, మళ్లీ వాటర్ పేపర్, ఫ్లేక్ మొత్తం మునిగిపోయి పైన నున్నగా అద్దంలా వచ్చేదాకా. తొందరపడి కాస్త ఎక్కువ రుద్దితే పలుకు కొస తెగుతుంది. రంగు ఫ్లేక్ అయితే మరీ ప్రమాదం, పైన రంగు పొర లేచిపోయి లోపలి అల్యూమినియం తెల్లగా బయటపడుతుంది. బాడీ మడతల అంచుల దగ్గర కాగితం వదిలేసి ఒట్టి వేళ్లతో రుద్దుతున్నాడు. ఇలా ఒక కారు మొత్తానికి ఎంత తీసుకుంటారని అడిగా. 15 వేల డాలర్లకి తక్కువైతే ముట్టుకోడట. పని చూశాక నాకది ఎక్కువ అనిపించలేదు.

ఈ ఫ్లేక్ పుట్టుక సంగతి చెప్పాలి. క్లీవ్‌లాండ్‌లో డోబెక్‌మన్ అని ఒక కంపెనీ, 1940ల్లో ల్యూరెక్స్ అనే మెరిసే దారం తెచ్చింది. పలచని అల్యూమినియం రేకుని ప్లాస్టిక్ పొరల మధ్య అతికించి, రంగు వేసి, సన్నగా చీల్చితే అదే దారం. 1957లో ఆ కంపెనీ డౌ కెమికల్ చేతికి వెళ్లింది. ఆ రేకునే నిలువుగానూ అడ్డంగానూ కోస్తే వచ్చే పలుకులే మెటల్‌ఫ్లేక్ పేరుతో పెయింటర్లకి చేరాయి. 1960ల మొదట్లో కారు షోలన్నీ వాటితో నిండిపోయాయి. తర్వాత పాలియెస్టర్ ఫిల్మ్ మీద అల్యూమినియం ఆవిరి పట్టించడం, ఆరు మూలల ముక్కలుగా కోయడం వచ్చాయి. ఇప్పుడు మన చీరల అంచుల్లో తక్కువ ధరలో వచ్చే ప్లాస్టిక్ జరీ కూడా ఆ కుటుంబంలోదే. ఈ సంగతి మా మరదలికి చెబితే ఆ రాత్రి బీరువాలోంచి ఒక చీర తీసి, ఫోన్ లైటు వేసి, ఫ్లేక్ పూసిన శాంపిల్ పలక పక్కన పెట్టి చూసింది. తేడా కొలతలోనే.

అంటే కార్ల కంపెనీల ఇంజినీర్లు కనిపెట్టింది కాదు ఇది. నేత పనికోసం చేసిన రేకు, చేపల పొలుసులు, ఇలా ఎక్కడెక్కడివో తెచ్చుకుని చిన్న షెడ్ల పెయింటర్లు బండి మీద కొట్టి చూశారు. ఎవరు మొదట అన్నదానికి ఇప్పటికీ వాదనలున్నాయి. నన్నడిగితే ఆ వాదన తేలక్కర్లేదు. ఒకరి షెడ్డులో చూసింది ఇంకొకరు మర్నాడే కొట్టి, దాన్ని కాస్త మెరుగుపరిచే చోటు అది. పేరు మాత్రం షాపు బోర్డు మీదున్నవాళ్లకే మిగిలింది, వాటర్ పేపర్ పట్టిన చేతుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఇది నన్ను నిజంగా కదిలించిన విషయం.

వచ్చేటప్పుడు డబ్బివ్వబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. పాత లాకర్ గురించి అడిగితే మాత్రం కాసేపు మౌనంగా ఉండి, ఇక్కడి గాలి కాలుష్య నిబంధనల వల్ల ఆ లాకర్ కొట్టే రోజులు ఎప్పుడో పోయాయని, ఇప్పుడంతా యురేథేనేనని, ఊపిరితిత్తులకి అదే మంచిదని చెప్పాడు. తనతో పని నేర్చుకున్నవాళ్లలో మాస్క్ లేకుండా కొట్టి త్వరగా పోయినవాళ్ల గురించి కూడా చెప్పాడు. మన దగ్గర కుర్రాళ్లు ఇప్పటికీ ముక్కుకి రుమాలు కట్టుకుని టూకే, అంటే హార్డెనర్ కలిపే రెండు భాగాల పెయింట్, కొడుతున్నారు. టూకేలో ఐసోసయనేట్లుంటాయి, రుమాలు వాటిని ఆపదు. దయచేసి సరైన మాస్క్ కొనివ్వండి.

శుక్రవారం: విల్షైర్, టొలూకా లేక్

పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియం టికెట్ 20 డాలర్ల పైనే, పార్కింగ్‌కీ దాదాపు అంతే. భవనమే ఒక పెయింట్ పాఠం. ఎర్రటి గోడల మీదుగా స్టీలు పట్టీలు చుట్టి ఉంటాయి, మనం నడిచేకొద్దీ ఆ సందుల్లోంచి ఎరుపు మారుతూ ఉంటుంది. లోపల రంగుల ముందు నేను ఆగిపోతుంటే గార్డు రెండుసార్లు దగ్గరికొచ్చాడు, తాకుతానేమోనని. చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి, ఇక్కడ అదే మర్యాద. కారు దగ్గర బెల్టు బకిల్, ఉంగరం, భుజానున్న బ్యాగు జాగ్రత్త.

అక్కడ నాకు క్యాండీ రంగు దగ్గరగా చూసే అవకాశం దొరికింది. ఫ్లేక్‌కి అది అక్కలాంటిది, ముందు పుట్టింది. కింద బంగారు మెటాలిక్ గానీ వెండి మెటాలిక్ గానీ కొడతారు. దాని మీద గాజులాంటి పారదర్శకమైన ఎరుపు. వెలుతురు ఎరుపులోంచి దిగి, బేస్‌కి తగిలి, మళ్లీ ఎరుపులోంచే బయటికొస్తుంది, అందుకే ఎంత చూసినా అడుగు తగలదు. బంగారం మీద వేస్తే వెచ్చగా, వెండి మీద వేస్తే చల్లగా ఉంటుంది ఎరుపు. కష్టం ఏమిటంటే ఒక్కో కోటుకీ రంగు ముదురుతుంది, గన్ను ఒక చోట అరక్షణం ఆగినా అక్కడ మచ్చ. తర్వాత టచప్ అసాధ్యం, డోరు గీసుకుపోతే పక్క ప్యానెళ్లు కూడా మళ్లీ కొట్టాల్సిందే.

దీనికి పేరు తెచ్చింది జో బైలన్, ఉత్తరాన హేవర్డ్‌లో షాపు ఆయనది. రాత్రిపూట కారు వెనక లైటు వెలుగులో చూసిన ఎరుపు పెయింట్‌లో రావాలని ఏళ్ల తరబడి కలిపి చూసి, 1950ల మధ్యలో క్యాండీ యాపిల్ రెడ్ సాధించాడని చెబుతారు. 2017 దాకా బతికాడు. హేవర్డ్ వెళ్లాలని ఉంది గానీ ఆరు గంటల డ్రైవ్, తమ్ముడికి సెలవు దొరకలేదు.

సాయంత్రం నార్త్ హాలీవుడ్ వైపు, రివర్‌సైడ్ డ్రైవ్. బారిస్ 1960ల్లో ఇక్కడికి మారాడు, 10811 నంబరు. 1955 లింకన్ ఫ్యూచరాని 1966 టీవీ సీరియల్ కోసం బ్యాట్‌మొబైల్‌గా మార్చిన మనిషి. ఆ ఫ్యూచరా మొదట ముత్యపు ఛాయలో ఉండేది, మీద నలుపు కొట్టేశారు. ఎల్విస్ ప్రెస్లీ 1960 క్యాడిలాక్‌కి కూడా ఈయన వజ్రాల పొడి, చేప పొలుసులు కలిపి 40 పూతలు కొట్టాడని ప్రచారం. ఆ కారు నాష్‌విల్‌లో మ్యూజియంలో ఉంది. వజ్రాల మాట నేను నమ్మను, వజ్రప్పొడి పెయింట్‌లో అంత మెరవదు. చేప పొలుసులు నమ్ముతా.

అదే రోడ్డు మీద కాస్త ముందుకి పోతే బాబ్స్ బిగ్ బాయ్, 1949లో కట్టిన హోటల్. శుక్రవారం రాత్రి పార్కింగ్ అంతా పాత బండ్లే. రెండంతస్తుల బర్గర్, వెండి గిన్నెలో చాక్లెట్ షేక్, తమ్ముడూ నేనూ కలిసి 40 డాలర్ల దాకా. షేక్ చిక్కదనానికి చెంచా నిలబడింది. బండ్ల యజమానులు మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ముందు "మీ కారు బావుంది" అనాలి, తర్వాత ఏ సంవత్సరం, ఏ ఇంజిన్ అని అడగాలి. ధర అడగకూడదు. రంగు ఎవరు కొట్టారని నేను అడిగితే మాత్రం ప్రతి ఒక్కరి మొహమూ వెలిగింది. పెయింటర్ పేరు, ఊరు, ఎన్ని నెలలు పట్టిందో, ఎక్కడ గొడవపడ్డారో అన్నీ చెప్పారు. ఒకావిడ తన పచ్చ ఫ్లేక్ ఫోర్డ్ మీద టార్చి వేసి, "పగలు చూస్తే ఇది వేరే కారు" అంది. నిజమే, వీధి లైటు కింద ఫ్లేక్ నిప్పురవ్వల్లా ఉంది.

శనివారం: పొమోనా

గ్రాండ్ నేషనల్ రోడ్‌స్టర్ షో, 1950లో ఓక్లాండ్‌లో మొదలై, 2004 నుంచి పొమోనా ఫెయిర్‌ప్లెక్స్‌లో జరుగుతోంది. టికెట్ 35 డాలర్లు, పార్కింగ్ వేరే. జనవరి చివర, పొద్దున చలి, మధ్యాహ్నానికి స్వెటర్ విప్పాలి. అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్‌కి, అంటే పైకప్పు లేని రెండు సీట్ల బండికి, ఇచ్చే కప్పు తొమ్మిది అడుగుల ఎత్తు, మనిషి కన్నా పొడుగు.

ఆ పోటీ హాల్లో బండ్ల కింద అద్దాలు పరిచారు, ఛాసిస్ కింది భాగానికి కూడా పై బాడీ లాంటి ఫినిష్. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఒక బండి డోరు సందులో, ఎవరూ చూడని చోట, లైటు పట్టి వెతికినా ఒక్క రన్ (పెయింట్ కారిన చార) కనపడలేదు. వేరే హాల్లో 1960ల పద్ధతిలో చక్రాల చుట్టూ తెల్లటి దూదిలాంటి ఫైబర్‌గ్లాస్ పరిచి, మధ్యలో ఊదా ఫ్లేక్ బండి పెట్టారు. స్వేడ్ ప్యాలెస్ అనే హాలు వాటికి పూర్తి ఎదురు. అక్కడన్నీ మెరుపు లేని ప్రైమర్ రంగులు, కుర్రాళ్ల బండ్లు. రెండూ చూశాక ప్రైమర్ బండ్ల మీద నాకు గౌరవం పెరిగింది, బాడీ పనిలో ఏ లోపమూ దాచుకోలేదు అవి. కానీ నా మనసు ఫ్లేక్‌తోనే ఉంది.

అక్కడే ఒక డ్యూన్ బగ్గీ, ఇసుక మీద నడిపే తేలిక బండి. 1964 నాటికి బ్రూస్ మేయర్స్ న్యూపోర్ట్ బీచ్‌లో ఫైబర్‌గ్లాస్ బగ్గీ తెచ్చాక, అలాంటి బగ్గీలకి అచ్చు పోసేటప్పుడే పై పొర జెల్‌కోట్‌లో ఫ్లేక్ కలిపేవాళ్లు, వేరే పెయింట్ అవసరమే లేదు. పడవలకీ అదే దారి. హెల్మెట్లు, సీటు రెగ్జిన్లు, డ్రమ్ములు, అన్నింటి మీదికీ పాకింది మెరుపు. ఎక్కువైతే విసుగు కూడా వస్తుంది, 1970ల తర్వాత కార్ల మీద తగ్గడానికి అదొక కారణమని ఒక స్టాల్ దగ్గర పెద్దాయన అన్నాడు. అప్పుడు కూడా దీన్ని వదలకుండా నిలబెట్టినవాళ్లు, బండ్లని కిందికి దించి నెమ్మదిగా నడిపే లోరైడర్లు.

ఆదివారం: ఈస్ట్ లాస్ ఏంజెలెస్

విట్టియర్ బులవార్డ్. మెక్సికన్ అమెరికన్ల పేట. పొద్దున చంపురాడో అనే జొన్నపిండి లాంటి మక్కపిండి చాక్లెట్ జావ, వేడివేడిగా, 4 డాలర్లు. మధ్యాహ్నం నుంచి లోరైడర్లు మొదలవుతాయి. నేలకి ఆనేంత కిందికి దించిన ఇంపాలాలు, పది మైళ్ల వేగంతో. కుటుంబాలు ఫుట్‌పాత్ మీద కుర్చీలేసుకుని చూస్తాయి, వెనక సీట్లో నానమ్మలు, చంటిపిల్లలు. ఇలా నెమ్మదిగా తిరగడాన్ని చాలా ఊళ్లు దశాబ్దాలపాటు నిషేధించాయి, పోలీసులు జరిమానా టికెట్లు రాసేవాళ్లు. 2024 జనవరి నుంచి రాష్ట్ర చట్టమే మార్చి ఆ నిషేధాలు తీసేశారు. పక్కన కూర్చున్న ఒకాయన, తన తండ్రి ఇదే రోడ్డు మీద టికెట్ తిన్నాడని చెప్పాడు, ఇప్పుడు అదే బండి కొడుకు నడుపుతున్నాడు.

ఈ పేట గర్వం జిప్సీ రోజ్. ఇంపీరియల్స్ కారు క్లబ్‌కి చెందిన జెస్సీ వలాడెజ్ 1964 ఇంపాలా. గులాబీ రంగుల మీద చేత్తో గీసిన గులాబీలు, పెయింటర్ వాల్ట్ ప్రే. 2017లో దాన్ని జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టర్‌లో చేర్చి, వాషింగ్టన్‌లో నేషనల్ మాల్ మీద గాజు పెట్టెలో పెట్టారు. ఒకప్పుడు టికెట్లు రాసిన పద్ధతి బండికి దేశ రాజధానిలో గాజు పెట్టె. బెల్‌ఫ్లవర్‌లో నాకు కలిగిన బాధ ఇది విన్నాక కొంత తగ్గింది, ఎందుకంటే ఇక్కడ పెయింటర్ పేరు కూడా అందరికీ తెలుసు. నేను అడిగిన ముగ్గురూ వెంటనే చెప్పారు.

సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫ్లేక్ చూడాలి. నడినెత్తిన ఎండలో మొత్తం ఒకేసారి మెరుస్తుంది, ఏటవాలు ఎండలో బండి కదిలేకొద్దీ మెరుపు బానెట్ నుంచి డిక్కీ దాకా పరుగెడుతుంది. మా తమ్ముడు, ఇన్నాళ్లూ కారంటే మైలేజీ మాత్రమే చూసినవాడు, "అన్నయ్యా, ఆ నారింజది మళ్లీ వస్తుందేమో ఉందాం" అని చీకటి పడేదాకా కదల్లేదు.

సూట్‌కేసులో ఎనిమిదో నంబరు వెండి ఫ్లేక్ రెండు డబ్బాలు తెచ్చా, పొడే కాబట్టి విమానంలో ఇబ్బంది రాలేదు. క్యాండీ రంగులు ద్రవం, తేలేదు. బండి మీద కొట్టే ముందు రేకు పలకల మీద చేస్తున్నాం. మన ఎండలకి థిన్నర్ తొందరగా ఆరిపోయి పలుకులు పడుకోకుండా నిలబడుతున్నాయి, అందుకని నెమ్మదిగా ఆరే థిన్నర్‌తో పొద్దున ఆరు గంటలకే కొట్టి చూస్తున్నాం. మూడో పలక మీద సమంగా పరుచుకుంది. ఇంకో సంగతి, పాత బండికి ఇలా రంగు మార్చాలనుకునేవాళ్లు ముందు ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీద రంగు మార్పు రాయించుకోండి. మీలో ఎవరైనా మన దగ్గర పెద్ద ఫ్లేక్ కొట్టి ఉంటే, ఏ క్లియర్ వాడారో, ఎన్ని కోట్లకి మునిగిందో చెప్పండి.